గోడ తాళంచెవుల పెట్టె

గోడ తాళంచెవుల పెట్టె అనగా ఇంటి మారు తాళంచెవులను భద్రపరచుటకు ఇంటి వెలుపలి గోడకు బిగించే చిన్న లోహపు పెట్టె. దీనిని తెరచుటకు మరొక తాళంచెవి అక్కరలేదు. యజమాని ఎంచుకున్న అంకెల సంకేతం తెలిస్తే చాలును. వాడుకలో దీనిని కీ బాక్స్, కీ సేఫ్, లాక్ బాక్స్ అని కూడా అంటారు. తాళంచెవిని లోపల మరచి తలుపు లాగివేసుకొనే వారు, ఒంటరిగా నివసించే వృద్ధులు, పాళీలలో పనిచేసే ఉద్యోగుల కుటుంబాలు, ఇంటిని అతిథులకు అద్దెకిచ్చే వారు దీనిని ఉపయోగిస్తారు. విశాఖపట్నం వంటి సముద్రతీర పారిశ్రామిక నగరంలో ఈ పెట్టె విషయమై రెండు సంగతులు ముఖ్యమైనవి. ఒకటి ఉప్పుగాలికి లోహం తుప్పు పట్టుట. రెండవది, లోపల గడియ వేసిన తలుపు వెలుపలి తాళంచెవితో తెరచుకోకపోవుట. ఈ రెండింటినీ గమనించనిచో గోడకు పెట్టె ఉన్నప్పటికీ అవసర సమయంలో అక్కరకు రాదు.

పూర్వపు పద్ధతులు

తెలుగునాట పెంకుటిళ్ళలో తాళంచెవిని చూరులో దోపుట, వీధి అరుగు ప్రక్కనున్న గూటిలో ఉంచుట, తులసికోట వెనుక దాచుట, పొరుగింటి వారికి అప్పగించి పోవుట వాడుకలో ఉండేవి. డాబా ఇళ్ళు, అపార్టుమెంట్లు వచ్చిన తరువాత చూరుకు బదులుగా పూలకుండీ, చెప్పుల స్టాండు, కరెంటు మీటరు పెట్టె, గుమ్మం పైనున్న వెంటిలేటరు దాపుడు చోట్లు అయినవి. అపార్టుమెంట్లలో వాచ్‌మన్ వద్ద ఒక తాళంచెవి ఉంచుట కూడా సాధారణమే.

దాపుడు చోట్లన్నిటికీ ఒకే లోపం ఉన్నది. చోటు రహస్యంగా ఉన్నంత వరకే తాళంచెవికి రక్షణ. అయితే ఆ చోట్లు దాదాపు ప్రతి ఇంటా ఒకటే కనుక వెదకేవానికి పెద్దగా శ్రమ ఉండదు. గోడ పెట్టె విషయంలో ఈ వరుస తారుమారవుతుంది. పెట్టె ఉన్నచోటు అందరికీ తెలిసినా ఫరవాలేదు, సంకేతం మాత్రమే రహస్యంగా ఉండవలెను. చోటును మార్చుట కష్టము, సంకేతాన్ని మార్చుట సులభము. గోడ పెట్టెకు గల ముఖ్యమైన ప్రయోజనం ఇదే.

చరిత్ర

సంకేతంతో తెరచుకొనే తాళాలు ప్రాచీనమైనవి. అల్ జజరీ అనే యంత్రశాస్త్రజ్ఞుడు 1206లో పూర్తిచేసిన తన గ్రంథంలో ఇటువంటి తాళాన్ని వర్ణించాడు. 19వ శతాబ్దంలో అమెరికాకు చెందిన జేమ్స్ సార్జెంట్, యజమాని తానే సంకేతాన్ని మార్చుకోగల తాళాన్ని 1857లో రూపొందించాడు. అదే దేశానికి చెందిన లైనస్ యేల్ జూనియర్ 1861లో బల్లపరుపు తాళంచెవితో పనిచేసే పిన్ టంబ్లర్ తాళానికి పేటెంటు పొందాడు. నేటి తలుపు తాళాలలో అధిక భాగం ఈ సూత్రంపైనే పనిచేస్తాయి. తాళంచెవి చిన్నదై జేబులో ఇమిడినందున దాని నకలు చేయించుట, నకలును వేరుచోట దాచుట కూడా సులభమైనవి.

భారతదేశంలో ఆర్దేషిర్ గోద్రెజ్ 1897లో బొంబాయిలో తాళాల తయారీ ప్రారంభించాడు. ఉత్తరప్రదేశ్‌లోని ఆలీగఢ్, తమిళనాడులోని దిండిగల్ తాళాలకు పేరుపొందిన పట్టణాలు. దిండిగల్ తాళానికి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. గోడ పెట్టె మాత్రం విదేశాలలో మొదట ప్రచారం పొందినది. అమెరికాలో అగ్నిమాపక దళం వారు తలుపు పగులగొట్టకుండా లోపలికి వెళ్ళుటకై భవనాల వెలుపల నాక్స్ బాక్స్ అనే పెట్టెలను బిగించే పద్ధతి 1970ల నుండి వ్యాపించింది. బ్రిటన్‌లో ఒంటరి వృద్ధుల ఇళ్ళకు సహాయకులు వచ్చి చూసిపోయే ఏర్పాటులో కీ సేఫ్‌లు సర్వసాధారణమైనవి. అక్కడ పెట్టెలు బలప్రయోగాన్ని ఎంతవరకు తట్టుకుంటాయో పరీక్షించుటకు ఎల్‌పీఎస్ 1175 అనే ప్రమాణం కూడా ఉన్నది.

నిర్మాణం, రకాలు

పెట్టెలో సాధారణంగా నాలుగు భాగాలుంటాయి: గోడకు ఆనించే వెనుక పలక, తాళంచెవులు ఉంచే గూడు, సంకేత యంత్రం గల తలుపు, వర్షం నీరు లోనికి పోకుండా యంత్రంపై కప్పే రబ్బరు మూత. తెరచు విధానాన్ని బట్టి ఇవి మూడు రకాలు.

చక్రాల పెట్టె: 0 నుండి 9 వరకు అంకెలున్న నాలుగు చక్రాలను త్రిప్పి సంకేతాన్ని కలుపవలెను. ప్రయాణపు సూట్‌కేసు తాళం వలె ఉంటుంది. ధర తక్కువ. చీకటిలో అంకెలు చూచుట కష్టము.

మీటల పెట్టె: పది లేక పన్నెండు మీటలుంటాయి. సంకేతంలోని మీటలను నొక్కి పిడిని త్రిప్పిన తెరచుకొనును. చేతి తడుముడుతో కూడా తెరవవచ్చును కనుక రాత్రివేళ, చూపు మందగించిన వారికి ఇది అనుకూలము.

విద్యుత్ పెట్టె: బ్యాటరీతో పనిచేస్తుంది. కొన్నిటిని సెల్‌ఫోను ద్వారా తెరవవచ్చును, ఎవరు ఎప్పుడు తెరచినదీ నమోదవుతుంది. బ్యాటరీ అయిపోయిన యెడల లేక యంత్రంలోనికి తేమ చేరిన యెడల పనిచేయదు.

సంకేతాల గణితం

పెట్టె ఎంత భద్రమో తెలుసుకొనుటకు ఉన్నత పాఠశాల, ఇంటర్మీడియట్ గణితం చాలును. నాలుగు చక్రాల పెట్టెలో ఒక్కొక్క చక్రానికి 10 అవకాశాలు. మొత్తం 10×10×10×10 = 10,000 సంకేతాలు.

యాంత్రిక మీటల పెట్టెలలో చాలావాటికి ఒక విశేషమున్నది. అందులో మీటలను నొక్కే వరుసతో పనిలేదు, ఒకే మీటను రెండుసార్లు వాడుటకు వీలులేదు. అనగా 2580 అన్నా, 0852 అన్నా ఒకటే సంకేతం. కనుక ఇక్కడ లెక్కించవలసినది ప్రస్తారాలను కాదు, సంయోగాలను. పది మీటలలో నాలుగింటిని ఎంచుకొనే విధాలు 210 మాత్రమే. ఐదింటిని ఎంచుకొనే విధాలు 252. ఆరింటికి మరల 210కి తగ్గును. ఒకటి నుండి పది వరకు ఎన్ని మీటలనైనా ఎంచుకొనే విధాలన్నీ కలిపినచో 2 యొక్క 10వ ఘాతం నుండి 1 తీసివేయగా 1,023 వచ్చును.

ఒక్కొక్క ప్రయత్నానికి 10 సెకన్లు పట్టునని అనుకొనిన యెడల అన్ని సంకేతాలనూ పరీక్షించుటకు పట్టే కాలం ఈ విధంగా ఉంటుంది:

- నాలుగు మీటలని ముందే తెలిసినచో (210 సంకేతాలు): 35 నిమిషాలు
- ఐదు మీటలని ముందే తెలిసినచో (252 సంకేతాలు): 42 నిమిషాలు
- ఎన్ని మీటలో తెలియనిచో (1,023 సంకేతాలు): 2 గంటల 50 నిమిషాలు
- నాలుగు చక్రాలు (10,000 సంకేతాలు): సుమారు 27 గంటల 47 నిమిషాలు

సగటున ఇందులో సగం కాలంలోనే సంకేతం దొరుకును. అయితే ఈ లెక్క సంకేతాన్ని యాదృచ్ఛికంగా ఎంచుకున్నప్పుడే వర్తిస్తుంది. చక్రాల పెట్టెకు పుట్టిన సంవత్సరాన్ని సంకేతంగా పెట్టినచో, 1940 నుండి 2010 వరకు ఉన్నవి 71 సంవత్సరాలే. వాటిని పరీక్షించుటకు 12 నిమిషాలు చాలును. పుట్టిన తేదీ, నెల పెట్టినచో 366 అవకాశాలు, పట్టే కాలం 61 నిమిషాలు. ఇంటి నంబరు, బండి నంబరు పెట్టినచో అవి ఎదురుగానే వ్రాసి ఉంటాయి. చాలాకాలం ఒకే సంకేతం వాడినచో ఆ మీటలు మాత్రమే అరిగి మెరియును. అప్పుడు లెక్కతో పనిలేకుండానే సంకేతం బయటపడుతుంది. కనుక అప్పుడప్పుడు సంకేతాన్ని మార్చుట, మీటలన్నిటినీ ఒకేసారి తుడుచుట అవసరము.

విశాఖ వాతావరణం, లోహం ఎంపిక

విశాఖపట్నం ఒకవైపు బంగాళాఖాతం, మరొకవైపు తూర్పు కనుమల కొండల నడుమ ఉన్నది. 1933లో ప్రారంభమైన ఓడరేవు, 1941లో మొదలైన నౌకా నిర్మాణ కేంద్రం, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం, చమురుశుద్ధి కర్మాగారం ఈ నగర పరిధిలో ఉన్నవి. సముద్రం నుండి వచ్చే గాలిలోని ఉప్పు తుంపరలు, సంవత్సరంలో అధిక భాగం ఉండే తేమ, పరిశ్రమల నుండి వెలువడే గంధక డై ఆక్సైడు ఇవన్నీ లోహాన్ని తినివేయునవే. బీచ్ రోడ్డు, లాసన్స్ బే కాలనీ, రుషికొండ ప్రాంతాలలో సముద్రానికి ఎదురుగా ఉన్న గ్రిల్ గేట్లు త్వరగా తుప్పు పట్టుట నగరవాసులకు అనుభవమే. గాజువాక, మల్కాపురం వంటి పారిశ్రామిక ప్రాంతాలలో ఉప్పుకు తోడు దుమ్ము కూడా చేరును.

గాలి వలన లోహం తుప్పు పట్టే తీవ్రతను ఐఎస్ఓ 9223 అనే అంతర్జాతీయ ప్రమాణం సీ1 నుండి సీ5 వరకు, ఆపైన సీఎక్స్ అనే తరగతులుగా విభజించింది. మామూలు ఉక్కు మొదటి సంవత్సరంలో సీ3 వాతావరణంలో 25 నుండి 50 మైక్రోమీటర్ల మందం కోల్పోతుంది. సీ5లో ఇది 80 నుండి 200 మైక్రోమీటర్లు. జింకు అదే కాలంలో సీ3లో 0.7 నుండి 2.1, సీ5లో 4.2 నుండి 8.4 మైక్రోమీటర్లు మాత్రమే కోల్పోతుంది. ఇనుపరేకుకు జింకు పూత వేయుటకు కారణమిదే. ఒకే ఊరిలో కూడా తీరం నుండి దూరం, ఎదురు గాలి, నీడను బట్టి ఈ తరగతి మారవచ్చును.

మామూలు ఇనుపరేకు పెట్టె: రంగు పూత ఉన్నంత వరకే మన్నుతుంది. బోల్టు రంధ్రాల వద్ద, మూల మడతల వద్ద పూత పగిలి తుప్పు మొదలవును. తీర ప్రాంతానికి తగదు.

జింకు మిశ్రమలోహపు పెట్టె: మార్కెట్టులో దొరికే చక్రాల, మీటల పెట్టెలలో ఎక్కువ భాగం ఇవే. ఎర్రని తుప్పు పట్టవు కాని తెల్లని పొడి వంటి పొర ఏర్పడి చక్రాలు బిగుసుకొనును.

స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టె: 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెలు ఉంటాయి. 316 రకంలో అదనంగా 2 నుండి 3 శాతం మాలిబ్డినం ఉండుట వలన ఉప్పును బాగా తట్టుకుంటుంది. సముద్రానికి దగ్గరలో 304 రకంపై కూడా టీ మరకల వంటి గోధుమరంగు మచ్చలు ఏర్పడును. వెలుపలి పెట్టె స్టెయిన్‌లెస్ స్టీలుది అయినా లోపలి స్ప్రింగు మామూలు ఉక్కుది అయినచో ప్రయోజనం తక్కువ. కొనునప్పుడు ఈ విషయం అడిగి తెలుసుకొనవలెను.

రెండు వేర్వేరు లోహాలు తడిలో ఒకదానినొకటి తాకినచో వాటిలో ఒకటి త్వరగా క్షీణించును. అందువలన జింకు లేక అల్యూమినియం పెట్టెకు స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టు వేయునప్పుడు నడుమ నైలాన్ వాషరు ఉంచుట మంచిది. లోపల ఉంచే తాళంచెవి ఇనుముది కాక ఇత్తడిది అయితే ఎక్కువ కాలం మన్నును.

నిర్వహణ: నెలకొకసారి మంచినీటితో తడిపిన గుడ్డతో ఉప్పు తుడిచి, పొడిగా ఆరనిచ్చి, చక్రాలను లేక మీటలను కదిపి చూడవలెను. ఇంటిలో వాడే కొబ్బరినూనె పోయుట సరికాదు. అది కొంతకాలానికి జిగురుగా మారి దుమ్మును పట్టుకొనును. సిలికోన్ లేక టెఫ్లాన్ తరగతికి చెందిన పొడి కందెన శ్రేష్ఠము. గ్రాఫైటు పొడిని సముద్రతీరంలో వాడకుండుట మేలు, ఉప్పు తడిలో అది ప్రక్కనున్న లోహాన్ని తుప్పు పట్టించును.

గోడకు బిగించుట

పెట్టె ఎంత గట్టిదైనా గోడ పట్టు సరిగా లేనిచో పెట్టెతో సహా ఊడదీసుకొని పోవచ్చును. గోడపై సిమెంటు పూత సాధారణంగా 12 నుండి 20 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. మేకు లేక మరచీల ఆ పూతలోనే ఉన్నచో పట్టు ఉండదు. బోల్టు పూతను దాటి ఇటుక లేక కాంక్రీటులోనికి కనీసం రెండు అంగుళాలు దిగవలెను. ఇటుకల నడుమ సిమెంటు అతుకులో కాక ఇటుక మధ్యలో రంధ్రం చేయవలెను. బోలు బ్లాకుల గోడకు విచ్చుకొనే బోల్టు పట్టదు, దానికి తగిన ప్రత్యేక బోల్టు వాడవలెను. బోల్టులు పెట్టె లోపలి నుండి బిగించేవై ఉండి, తలుపు మూసినప్పుడు బయటికి కనిపించకూడదు.

స్థానం విషయంలో పాటించవలసినవి:

- వీధిలో పోయేవారికి కనిపించని ప్రక్క గోడ, సన్‌షేడు క్రింది భాగం తగినవి.
- సముద్రానికి ఎదురుగా ఉన్న గోడను వీలైనంతవరకు వదలవలెను.
- నేల నుండి మూడు నుండి నాలుగు అడుగుల ఎత్తు వృద్ధులకు, కుర్చీలో కదిలేవారికి కూడా అందును.
- కరెంటు తీగలు, నీటి గొట్టాలు పోయే వరుసలో రంధ్రం చేయరాదు.
- అపార్టుమెంటులో ఉమ్మడి గోడ అయినచో నివాసుల సంఘం అనుమతి, అద్దె ఇల్లయినచో యజమాని అనుమతి తీసుకొనవలెను.

లోపలి గడియ సమస్య

తెలుగువారి ఇళ్ళలో వీధి తలుపుకు రెండు విధాల బందోబస్తు ఉంటుంది. ఒకటి వెలుపలి నుండి తాళంచెవితో తీయగల తాళం. రెండవది లోపలి నుండి మాత్రమే వేసి తీయగల గడియ లేక బోల్టు. రాత్రి పడుకొనే ముందు గడియ వేయుట అలవాటు. ఒంటరిగా ఉన్న వృద్ధురాలు స్నానాల గదిలో జారిపడిన యెడల, వెలుపల పెట్టెలో తాళంచెవి ఉన్నప్పటికీ గడియ వేసిన తలుపు తెరచుకోదు. దీనికి తోడు చాలా ఇళ్ళలో తలుపుకు ముందు గ్రిల్ గేటు, దానికి లోపలి వైపున తాళంకప్ప కూడా ఉంటాయి.

కనుక వృద్ధుల కొరకు పెట్టె అమర్చేవారు ముందుగా తలుపును సరిచేయవలెను. లోపల గుండ్రని పిడి త్రిప్పితే పడి, వెలుపల తాళంచెవితో తెరచుకొనే నైట్ లాచ్ వంటి తాళం అమర్చి, దానిని మాత్రమే వాడుట ఒక మార్గము. గ్రిల్ తాళంకప్పకు వెలుపలి నుండి చేయి అందేలా చూచి, దాని మారు తాళంచెవిని కూడా పెట్టెలో ఉంచవలెను. స్నానాల గదికి బయటి నుండి తీయగల గడియ ఉండుట మంచిది. అన్నీ అమర్చిన తరువాత ఇంటివారు లోపల ఉండగా, పొరుగువారి చేత వెలుపలి నుండి ఒకసారి తెరిపించి చూడవలెను.

పిల్లలు ఇతర రాష్ట్రాలలోనో, విదేశాలలోనో స్థిరపడి, తల్లిదండ్రులు మాత్రమే నివసించే ఇళ్ళు ఎం.వి.పి. కాలనీ, గాజువాక వంటి ప్రాంతాలలో అనేకం. ఫోను చేసినా తల్లి తీయనప్పుడు దూరాన ఉన్న కుమారుడు పొరుగువారికి సంకేతం చెప్పి తలుపు తెరిపించగలుగుట ఈ పెట్టె వలన కలిగే మేలు. 2005లో మొదలైన 108 అంబులెన్సు సిబ్బంది వచ్చినప్పుడు కూడా తలుపు పగులగొట్టుటకు పట్టే కాలం కలిసివచ్చును.

విపత్తు సమయాలు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటినది. నగరంలో అనేక ప్రాంతాలకు రోజుల తరబడి విద్యుత్తు లేదు. సెల్‌ఫోను వ్యవస్థ కూడా దెబ్బతిన్నది. ఫోను ద్వారా మాత్రమే తెరచుకొనే పెట్టెకు ఇటువంటి పరిస్థితిలో ఆధారం ఉండదు. ఫోనులో సంకేతం చెప్పుటకు కూడా వీలుండదు. యాంత్రిక పెట్టె పనిచేసినా, సంకేతం దగ్గరలోని ఒక్కరికైనా ముందే తెలిసి ఉండవలెను.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం వద్ద ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుండి స్టైరీన్ వాయువు వెలువడి పలువురు మరణించారు, వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. జనం నిద్రలో ఉన్న వేళ కావుటచే సహాయక సిబ్బంది ఇంటింటికీ తిరిగి స్పృహ తప్పినవారిని వెదకవలసి వచ్చింది. మూసిన తలుపు ఎంత త్వరగా తెరచుకొనుననేది ఇటువంటి వేళ ప్రాణానికి సంబంధించిన విషయమని ఆ దుర్ఘటన తెలుపుతున్నది.

ఉంచదగినవి, ఉంచరానివి

పెట్టెలో వీధి తలుపు, గ్రిల్ గేటు తాళంచెవులను మాత్రమే ఉంచవలెను. బీరువా, బ్యాంకు లాకరు, వాహనాల తాళంచెవులు ఉంచరాదు. ఇంటి నంబరు లేక పేరు వ్రాసిన బిళ్ళను తాళంచెవికి కట్టరాదు. సంకేతాన్ని చిరునామాతో కలిపి ఒకే సందేశంలో పంపరాదు. పనిమనిషి మారినప్పుడు, అతిథులు ఖాళీ చేసినప్పుడు, మరమ్మతు పనివారు వచ్చిపోయినప్పుడు సంకేతం మార్చవలెను. చక్రాల పెట్టెను మూసిన తరువాత నాలుగు చక్రాలనూ కదపవలెను. ఒక్క చక్రాన్నే కదిపినచో, అది ఏ చక్రమో తెలియకపోయినా 36 ప్రయత్నాలలోపే తెరవవచ్చును.

చాలా రోజులు ఊరు విడిచి పోవునప్పుడు తాళంచెవిని పెట్టెలో ఉంచుటకంటె నమ్మకస్తుల వద్ద ఉంచుట మేలు. తాళం వేసిన ఇళ్ళపై నిఘా కొరకు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ 2010ల దశాబ్దంలో ఎల్‌హెచ్ఎంఎస్ అనే ఏర్పాటును ప్రవేశపెట్టినది. ఇందులో యజమాని కోరిక మేరకు ఖాళీ ఇంటిలో కెమెరా అమర్చుతారు.

చట్టం, బీమా

దొరికిన లేక దొంగిలించిన తాళంచెవితో తలుపు తీసి నేరం చేయుటకై ఇంట ప్రవేశించుట, తలుపు పగులగొట్టుటతో సమానంగా గృహభేదన నేరమే. 1860 నాటి భారత శిక్షాస్మృతి 445వ సెక్షనులోని ఒక ఉదాహరణ, యజమాని పోగొట్టుకున్న తాళంచెవి దొరికినవాడు దానితో తలుపు తీసి ప్రవేశించుట గురించినదే. 2024 జూలై 1 నుండి దాని స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో గృహభేదనం 330వ సెక్షనులో నిర్వచింపబడినది. నివాస గృహంలో దొంగతనానికి 305వ సెక్షను క్రింద ఏడు సంవత్సరాల వరకు జైలుశిక్ష విధించవచ్చును.

బీమా విషయం వేరు. దొంగతనపు బీమా పాలసీలు సాధారణంగా బలప్రయోగంతో ప్రవేశించిన ఆనవాలును కోరుతాయి. తాళంచెవితో తలుపు తీసినచో అటువంటి ఆనవాలు ఉండదు. కనుక పెట్టె అమర్చే ముందు పాలసీ షరతులు చదువుకొనవలెను.

పరిశ్రమలలో తాళంచెవుల పెట్టెలు

కర్మాగారాలలో, హోటళ్ళలో, ఓడలలో అత్యవసర ద్వారాల తాళంచెవిని గాజు పలక గల ఎర్రని పెట్టెలో ఉంచి, అవసరమైనప్పుడు గాజు పగులగొట్టి తీసుకొనే ఏర్పాటు ఉంటుంది. మరొక రకం సమూహ తాళాల పెట్టె. ఉక్కు కర్మాగారాల వంటి చోట యంత్రాన్ని మరమ్మతు చేయునప్పుడు విద్యుత్ స్విచ్చికి తాళం వేసి, ఆ తాళంచెవిని ఈ పెట్టెలో ఉంచుతారు. మరమ్మతులో పాల్గొనే ప్రతి కార్మికుడు పెట్టెకు తన సొంత తాళం వేస్తాడు. చివరి కార్మికుడు తన తాళం తీసేవరకు యంత్రాన్ని నడుపుటకు వీలుండదు. ఇంటి పెట్టె తలుపు త్వరగా తెరచుటకు ఉద్దేశించినది కాగా, ఈ పెట్టె యంత్రం పొరపాటున నడువకుండా ఆపుటకు ఉద్దేశించినది.